శుక్రవారం సెలవు

మా మేడ మీది గదిలోకి ఈ వానాకాలం మొదట్లో ఒక కొత్త జంట దిగింది. సిరిసిల్ల దగ్గరి పల్లె వాళ్లది. అబ్బాయికి మాన్‌కోలి దిక్కు గోదాముల్లో పని. అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, పెళ్లయి ఆర్నెల్లు. వచ్చిన నాలుగో రోజు, నేను చీరకు ఫాల్ కుడుతుంటే గడప దగ్గర నిలబడి అడిగింది.

"అక్కా, ఈడ చూసెతందుకు ఏమన్న ఉంటదా?"

"ఏముంటది చెల్లె, సాంచలు" అన్నాను. దారం తెంపుకొని మళ్లీ మిషన్ తొక్కాను. ఆ పిల్ల కాసేపు నిలబడి పైకి వెళ్లిపోయింది.

లోపల మంచం మీద పడుకున్న మా అమ్మ అంతా వింటూనే ఉంది. "అచ్చం మీ నాయిన లెక్కనే చెప్పినవు పో" అంది. మెచ్చుకోలు కాదది.

ఆ సంగతి తెలియాలంటే ముందు నాయిన గురించి చెప్పాలి. నాయిన మొదట వచ్చింది భివండికి కాదు, బొంబాయికి. వర్లీలో మనవాళ్ల చాళ్లలో పది మందితో ఒక గది, మిల్లులో బదిలీ పని. అంటే పొద్దున గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా రాకపోతే వాళ్ల చోట పని దొరుకుతుంది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. బదిలీ వాళ్లకు ఆ సమ్మెలో ఉన్నదీ లేదు, పోయిందీ లేదు, తిండి మాత్రం పోయింది. చాలా మిల్లులు మళ్లీ సరిగ్గా తెరుచుకోలేదు. జనం గుడ్డ కట్టుకోవడం మానరు కదా, ఆ నేత అంతా భివండి సాంచల మీదికి జరిగింది. దాని వెనకాలే మా నాయిన.

1983 దీపావళి తర్వాత పెళ్లయి అమ్మ వచ్చింది. అప్పటికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. కల్యాణ్‌లో రైలు దిగి, టెంపోలో పద్మనగర్ చేరేసరికి రాత్రి. పడుకుంటే గోడ కొట్టుకుంటోందట. పక్కనే కార్ఖానా, ఇరవై నాలుగు సాంచలు. ఊళ్లో మగ్గం చప్పుడు తెలిసిన మనిషే గాని, మగ్గానికి మనిషి అలసిపోతే ఆగే గుణం ఉంది, సాంచెకు అది లేదు. పన్నెండు గంటల పాళీ: ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నాయిన రాత్రి పాళీ చేసి పొద్దున పడుకుంటే, పది అడుగుల గదిలో అమ్మ గిన్నె చప్పుడు కాకుండా వండాలి. ఆ రోజుల్లోనే అడిగింది, ఇక్కడ చూడటానికి ఏమైనా ఉంటుందా అని. "ఏముంటది, సాంచలు" అని అటు తిరిగి పడుకున్నాడు నాయిన.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసిన భివండి అంతే: కార్ఖానా, గది, వారానికోసారి వీడియో హాలు. పెళ్లికి ముందు బిస్సీలో తిన్నాడు. బిస్సీ అంటే ఒంటరి మగవాళ్లకు నెలవారీ లెక్కన అన్నం పెట్టే ఇల్లు. తెలంగాణ వాళ్లకు ఒకటి, ఉత్తరాది వాళ్లకు ఒకటి, ఎవరి పప్పు వాళ్లది. ఆ బిస్సీలోనే కబుర్లు, పేకాట, ఊరి ఉత్తరాలు చదివించుకోవడం. మగవాళ్లకు ఆ మాత్రమైనా ఉంది.

ఇక 1984 మే నెలలో అల్లర్లు జరిగాయి. ఆ రోజుల గురించి అమ్మ ఇప్పటికీ ఎక్కువ చెప్పదు, నేనూ గుచ్చి అడగను. ఒక్క మాట మాత్రం చెప్పింది: "సాంచలు బందయినయి. గప్పుడు భయమైంది." కర్ఫ్యూలో ఊరు ఊరంతా చప్పుడు ఆగిపోయింది. చప్పుడుతో నిద్ర పట్టని మనిషికి చప్పుడు లేక నిద్ర పట్టలేదు. ఆ తర్వాత చాలా రోజుల దాకా ప్రతి శుక్రవారం పొద్దున సాంచలు ఆగగానే ఆమెకు గుండె దడ వచ్చేదట. మళ్లీ ఏదో జరిగిందని.

భివండి సంగతి తెలియని వాళ్లకు: మాకు వారం సెలవు శుక్రవారం. సేట్లలో ముస్లింలు ఎక్కువ, అది నమాజు రోజు. సేటు ఎవరైనా, పనివాడు ఎవరైనా ఊరంతా ఆ రోజే ఆగుతుంది. మీరు సూరత్‌లోనో షోలాపూర్‌లోనో పుట్టి ఉంటే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో సగం ఊహించగలరు. చెవిలో నుంచి దూది తీసినట్టు ఉంటుంది. పక్క గల్లీలో పిల్లాడు ఏడవడం, ఎదురింటి కుక్కర్ ఈల, ఎవరో రుబ్బురోలు తిప్పడం, అన్నీ ఆ రోజే వినపడతాయి.

అల్లర్ల తర్వాత నాయిన అమ్మను గల్లీ చివరి దాకా కూడా పోనివ్వలేదు. కూరగాయలు ఆయనే తెచ్చేవాడు. ఆయన భయం ఆయనది. అలా ఏడాదిన్నర.

అమ్మను బయటికి తీసింది పక్క గది పెద్దమ్మ. నల్లగొండ జిల్లా మనిషి, వార్పు పని చేసే ఆయన భార్య, ఇక్కడికి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్లు. 1985 వానాకాలంలో ఒక శుక్రవారం, నేను అమ్మ కడుపులో ఆరో నెల ఉండగా, వచ్చి నాయినతో అన్నదట: "నీ పెండ్లాం మొకం జూసినవారా? మడతల పెట్టిన చీర లెక్క తెల్లగయింది. నేను తోల్కపోతున్న." నాయిన ఏమన్నాడో అమ్మకు గుర్తు లేదు. గుర్తున్నది వరాలదేవి చెరువు.

కామత్‌ఘర్‌లో ఉంటుంది ఆ చెరువు, గట్టున వరాలదేవి గుడి. పెద్ద విశేషం ఏమీ లేదు, చెరువు. కానీ ఊరు విడిచాక అంత నీళ్లు ఒక్క దగ్గర చూడటం అదే మొదలు అమ్మకు. మనవాళ్ల ఆడవాళ్లు ఇరవై ముప్పై మంది గట్టున కూర్చుని ఉన్నారు. మరమరాలు, పచ్చిమిర్చి బజ్జీలు. ఎవరిది ఏ ఊరు, ఎవరిది ఏ ఇంటి పేరు, ఎవరి ఆడబిడ్డ ఎవరికి ఇచ్చారు అని లెక్కలు తీస్తే, అందులో ఒకామె అమ్మకు మేనత్త వరస అయింది. "ఏడాదిన్నర రెండు గల్లీల అవతల నా మేనత్త ఉన్నది, నాకు తెల్వదు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇది చెప్పేటప్పుడు మాత్రం నాయిన ఫోటో వైపు చూస్తుంది.

తర్వాత శుక్రవారాలు వాటంతట అవే నిండాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో శుక్రవారం అంటే పండగ కాదు గాని, పండగకు చెల్లెలు. పొద్దున తలస్నానాలు. నాయిన కటింగ్ షాపుకు పోయి అక్కడే రెండు గంటలు కూర్చునేవాడు, ఎందుకంటే అక్కడ తెలుగు పేపరు వచ్చేది, నిన్నటిదో మొన్నటిదో. మధ్యాహ్నం కోడి కూర. సాయంత్రం చెరువు గట్టు. నాలుగైదు కుటుంబాలు చందా వేసుకుని ఒక రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్లు, మూడు క్యాసెట్లు. మూడో సినిమాకు పిల్లలంతా ఒకరి మీద ఒకరు నిద్ర. నాకు ఇప్పటికీ చాలా తెలుగు సినిమాల మొదటి సగాలే తెలుసు.

దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా సినిమా వేసేవారు, గుర్తుందా? నెలలు గడిస్తే గాని తెలుగు వంతు వచ్చేది కాదు. వచ్చిన రోజున గల్లీ అంతా సేటు ఇంటి కిటికీ దగ్గర. కానీ ఆదివారం మాకు పని రోజు. నాయిన ఒక్కటీ చూడలేదు. పొద్దుపోయి ఇంటికొచ్చాక అమ్మ కథ చెప్పేది, ఆయన తింటూ వినేవాడు. 1995లో ఈటీవీ వచ్చాక ఆ కథలు చెప్పడం ఆగిపోయింది. బాగుపడ్డామో లేదో నేను చెప్పలేను, నాయిన మాత్రం ఒకసారి "మీ అమ్మ జెప్పిందే నయముండె" అన్నాడు.

ఏడాదికి రెండుసార్లు వజ్రేశ్వరి. భివండి నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుంది, ఎస్టీ బస్సు దొరుకుతుంది. కోటలా కట్టిన గుడి, మెట్లెక్కి పోవాలి. పీష్వాల సేనాని చిమాజీ అప్పా 1739లో వసయి కోటను పోర్చుగీసుల నుంచి గెలిస్తే కట్టిస్తానని మొక్కుకున్నాడు, ఆ మొక్కు గుడి ఇది. మేం పోయేది సగం దేవి కోసం, సగం పక్కనే అక్లోలిలో తాన్సా నది ఒడ్డున ఉన్న ఉడుకునీళ్ల గుండాల కోసం. భూమిలోంచి నీళ్లు కాగి వస్తాయి. ఒక గుండంలో చెయ్యి పెట్టలేం, ఇంకోదాంట్లో హాయిగా కూర్చోవచ్చు. పన్నెండు గంటలు నిలబడి సాంచలు నడిపే మనిషి కాళ్లు ఎలా వాస్తాయో మీ ఇళ్లల్లో చూసిన వాళ్లకు తెలుసు. నాయిన ఆ నీళ్లల్లో కాళ్లు పెట్టి కళ్లు మూసుకుని, తినడానికి పిలిచినా లేచేవాడు కాదు.

రాఖీ పున్నమికి మార్కండేయుడి ఊరేగింపు, కొత్త జంధ్యాలు. ఆశ్వయుజంలో బతుకమ్మ. ఇక్కడ బంతిపూలకు కరువు లేదు, కల్యాణ్ పూల మార్కెట్‌లో గంపలకొద్దీ దొరుకుతాయి. తంగేడు, గునుగు మాత్రం ఊరి నుంచి రావలసిందే. ట్రావెల్స్ బస్సు డ్రైవర్లను బతిమాలి తడిగుడ్డలో చుట్టి తెప్పించుకుంటాం. వచ్చేసరికి సగం వాడిపోతాయి. వాడిన తంగేడుకే అమ్మ మొదటి వరస ఇస్తుంది, తాజా బంతిని పైకి తోస్తుంది.

మా చెల్లెలి కూతురు రెండేళ్ల కింద పెళ్లయి టెక్సస్ పోయింది, డల్లాస్ పక్కన ఇర్వింగ్. మొదటి మూడు నెలలు రోజూ ఫోన్. ఇల్లు బాగుంది, చల్లగా ఉంది, కింద ఈతకొలను కూడా ఉంది, కానీ కారు నడపడం రాని మనిషికి అక్కడ కాళ్లు లేనట్టేనట. అల్లుడు ఆఫీసుకు పోతే మళ్లీ సాయంత్రం వచ్చే దాకా ఎండలోకి చూస్తూ కూర్చోవడం. "పెద్దమ్మా, మా కాంప్లెక్సులో అంతా తెలుగోళ్లే, కానీ తలుపులు మూసి ఉంటయి" అంది. అమ్మ ఫోన్ లాక్కుని, "ఒక తలుపు కొట్టు బిడ్డా" అని అరిచింది, టెక్సస్ దాకా వినపడాలన్నట్టు. ఇప్పుడు ఆ పిల్ల లైసెన్సు తీసుకుంది. అక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్లు నెలనెలా సాహిత్య సభ పెడతారట, "తెలుగు వెన్నెల" అని. ఇక్కడ ఉన్నన్నాళ్లు తెలుగు పుస్తకం ముట్టని పిల్ల అక్కడ సభకు పోతోంది. సాహిత్యం కోసమా, తర్వాత పెట్టే పులిహోర కోసమా అని నేను అడగలేదు.

సరే, మేడ మీది పిల్ల. అమ్మ దెప్పిన మర్నాడు నేనే పైకి పోయాను. వచ్చే శుక్రవారం చెరువుకు పోదాం రా అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగింది, వెంటనే ఆరింది. "ఆయనకు శుక్రారం సెలవుండదక్కా."

ఇది నాకు తట్టలేదు. గోదాముల్లో సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు. ఈ వారం మంగళవారం, పై వారం గురువారం. సాంచలు తగ్గి గోదాములు పెరుగుతున్న కొద్దీ ఊరికి ఉమ్మడి సెలవు పలచబడుతోంది. మా గల్లీలోనే చూడండి: మా ఆయన కార్ఖానాలో మెహతా, అంటే లెక్కలు రాసే పని, ఆయనకు శుక్రవారం. ఎదురింటి అబ్బాయికి ఠాణేలో ఆఫీసు, ఆదివారం. గోదాము వాళ్లకు ఎప్పుడో వాళ్లకే తెలియదు. చెరువు గట్టు మీద ఇరవై ముప్పై మంది ఉండే చోట ఇప్పుడు ఆరేడుగురు, అందరూ మా అమ్మ వయసు వాళ్లు.

ఈ అబ్బాయి నిజానికి నేతగాడే. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్లకు వచ్చినప్పుడు ఇక్కడి నుంచి కొందరు తిరిగి పోయారు, అందులో వీళ్ల నాన్న ఒకడు. ఆ ఆర్డర్లు ఆగాక పని పలచబడి, కొడుకు మళ్లీ తండ్రి వచ్చిన దారినే వచ్చాడు. వచ్చాడు గాని సాంచె ముట్టలేదు. సెలవు రోజున పొద్దంతా పడుకుంటాడు. తప్పు పట్టలేను, పెట్టెలు ఎత్తీ ఎత్తీ నడుము ఉండదు. కానీ తాను లేకుండా భార్య బయటికి పోవద్దంటాడు. "కొత్త ఊరు కదక్కా, నాకు పరేషాన్" అన్నాడు నాతో, మర్యాదగానే.

మా అమ్మకు ఈ మాట చేరింది. మోకాళ్ల నొప్పితో మూడేళ్లుగా మేడ మెట్లు ఎక్కని మనిషి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి పోయి తలుపు వేసుకుంది. పది నిమిషాలు. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. దిగి వచ్చి, "శుక్రారం వజ్రేశ్వరి పోతున్నం, పులిహోర కట్టు" అంది.

నలుగురం పోయాం: అమ్మ, నేను, ఆ పిల్ల, ఎదురింటావిడ. శ్రావణం, సన్నగా వాన. బస్సులో ఆ పిల్ల కిటికీ వదల్లేదు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నవ్వింది. గుడి మెట్లు అమ్మ ఎక్కలేదు, కింద నుంచే దండం పెట్టింది. అక్లోలిలో మాత్రం నాయిన కూర్చునే మెట్టు వెతుక్కుని కూర్చుంది. గుండాల చుట్టూ చెత్త, సబ్బు కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆ పిల్ల ముందు వేలు ముంచి చటుక్కున తీసింది, తర్వాత రెండు కాళ్లూ పెట్టింది. అలాగే ఫోన్ తీసి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. "అమ్మా, ఈడ నీళ్లు కాగబెట్టేది లేదే, అవే కాగుతయి!" అవతల వాళ్లమ్మ నమ్మలేదు. మా అమ్మ ఫోన్ అందుకుని సాక్ష్యం చెప్పింది, ఆ ఊపులో ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని మొదలుపెట్టి పావుగంట లాగింది. చుట్టరికం మాత్రం ఏదీ తేలలేదు. అమ్మకు అది కొంచెం నచ్చలేదు.

తిరుగు బస్సు తప్పింది. వానలో ఒక టీ కొట్టు కింద గంట నిలబడ్డాం. ఏడు దాటుతుంటే ఆ పిల్లకు కంగారు, ఆయన వచ్చేస్తాడని. మేం చేరేసరికి అతను గల్లీ చివర గొడుగుతో నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. అమ్మ చేతిలో సంచి అందుకుని ముందు నడిచాడు. పైకి పోయాక గొంతులు కాస్త పెరిగినట్టు అనిపించింది, అప్పటికి సాంచలు ఇంకా మొదలు కాలేదు కాబట్టి వినపడింది. తర్వాత టీవీ పెట్టారు.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు పిలిస్తే ఒకసారి వచ్చింది, ఒకసారి తలనొప్పి అంది. మొన్న ఊరికి పోతున్నానని చెప్పడానికి వచ్చింది. పదిహేను రోజులు అంది. సంచి చూస్తే పదిహేను రోజులకు పెద్దదిగానే ఉంది. నేను ఏమీ అడగలేదు. పెత్రమాసకు ముందే వస్తావా అంటే, "చూస్త అక్కా" అంది.

అమ్మ లోపలి నుంచి ఒక ఖాళీ గోనెసంచి, పాత నూలు చీర ముక్క తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "తంగేడు తే. ఈ గుడ్డ తడిపి చుట్టు, బస్సుల పైన పెట్టకు, కాళ్ల కాడ పెట్టుకో. పోయినేడు బంతిపువ్వుతోనే సరిపెట్టినం."

ఆ పిల్ల గోనెసంచి మడిచి, నిండిపోయిన తన సంచిలోనే ఎలాగో కుక్కుకుంది.